తపాలా పెట్టె మీద ఇద్దరి పేర్లూ ఉండాలి

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో మూడు జర్మనీ గురించినవి. ఒకరు బయలుదేరబోతున్నారు, ఒకరు కొడుకును పంపి ఇక్కడ దిగులుపడుతున్నారు, మరొకరు అక్కడికి వెళ్లి ఐదు నెలలై వెనక్కి వచ్చేద్దామా అని ఆలోచిస్తున్నారు. నేను 2006 చివరలో స్టట్‌గార్ట్‌లో దిగి, ఆ దేశంలో పద్నాలుగేళ్లు కాపురం చేసి వచ్చినదాన్ని కాబట్టి ఈ మూడింటికీ నేనే జవాబు రాస్తున్నాను. వీసా నిబంధనలు, రుసుములు తరచుగా మారుతుంటాయి. ఇక్కడ ఇచ్చిన అంకెలను ప్రయాణానికి ముందు మరొకసారి సరిచూసుకోండి.

ప్రశ్న: మాకు పెళ్లయి ఏడు నెలలైంది. మావారు స్టట్‌గార్ట్‌లో ఇంజనీరు, బ్లూ కార్డు (ఉన్నత చదువున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి) మీద ఉన్నారు. వచ్చే నెలలో నేనూ వెళ్తున్నాను. నాకు జర్మన్ ఒక్క ముక్క రాదు. ఏమేం సర్దుకోవాలో ఇంట్లో అందరూ చెబుతున్నారు గానీ, దిగిన తరువాత మొదటి వారాల్లో ఏం ఎదురవుతుందో చెప్పేవారు లేరు. అక్కడివారు ముభావంగా ఉంటారని విని భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: సామాను సంగతి తరువాత చూద్దామమ్మా. ముందు మీవారికి ఈ రోజే ఒక పని అప్పగించండి. వారు ఉంటున్న భవనం కింద ఉండే తపాలా పెట్టె మీద, వీధి తలుపు పక్కనున్న కాలింగ్ బెల్ మీద మీ ఇంటిపేరు కూడా రాయించమనండి. మన పెళ్లికూతుళ్లలో చాలామంది పాస్‌పోర్టులో పుట్టింటివారి ఇంటిపేరే ఉంటుంది. మీదీ అలాగే ఉండి ఉంటుందని అనుకుంటున్నాను. అక్కడి చిరునామాల్లో వీధి పేరు, భవనం సంఖ్య ఉంటాయి గానీ మనకు లాగా ఫ్లాటు సంఖ్య సాధారణంగా ఉండదు. పోస్టుమాన్ పెట్టెల మీది పేర్లు చదువుకుంటూ ఉత్తరాలు వేస్తాడు. పేరు కనబడకపోతే ఆ ఉత్తరం వచ్చిన దారినే తిరిగి వెళ్లిపోతుంది.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. బ్యాంకులో ఖాతా తెరిచాక కార్డు ఒక కవరులో, దాని రహస్య సంఖ్య వేరే కవరులో వస్తాయని చెప్పారు. మూడు వారాలు ఎదురుచూసి వెళ్లి అడిగితే, రెండూ పంపామనీ, ఆ పేరుగల వ్యక్తి ఆ చిరునామాలో లేరని రెండూ తిరిగి వచ్చాయనీ చూపించారు. పెట్టె మీద మావారి ఇంటిపేరు ఒక్కటే ఉంది మరి. ఆ సాయంత్రం ఒక కాగితం ముక్క మీద నా పేరు రాసి, టేపుతో అతికించి వచ్చాను. రెండు రోజుల తరువాత చూస్తే ఆ కాగితం లేదు. దాని స్థానంలో, మిగిలిన పెట్టెల మీద ఉన్నటువంటి అక్షరాలతోనే మా ఇద్దరి పేర్లూ అచ్చువేసిన చిన్న పలక బిగించి ఉంది. ఎవరు పెట్టారో ఎవరూ నాకు చెప్పలేదు. భవనం బాగోగులు చూసే హౌస్‌మైస్టర్ పెట్టి ఉంటారని చాలా రోజుల తరువాత ఊహించాను. ఆ దేశాన్ని అర్థం చేసుకోవడానికి నాకు దొరికిన తాళంచెవి ఆ పలకే: అక్కడ మనకు ఎవరూ వచ్చి చెప్పరు, రాసి పెడతారు. మీరు విన్న ముభావం అనే మాటలో సగానికి సగం ఇదే.

ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు మునిసిపల్ కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి. దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. దీనికి పాస్‌పోర్టుతో పాటు, మీరు ఆ ఇంట్లో చేరారని ఇంటి యజమాని సంతకం చేసి ఇచ్చే పత్రం కావాలి. వివాహ ధ్రువపత్రం కూడా దగ్గర ఉంచుకోండి. పెద్ద ఊళ్లలో ఆ కార్యాలయం అపాయింట్‌మెంటు దొరకడానికే వారాలు పడుతుంది కాబట్టి, మీరు విమానం ఎక్కకముందే మీవారు ఆన్‌లైన్‌లో తేదీ తీసుకొని ఉంచడం మంచిది. నమోదు అయ్యాక 11 అంకెల పన్ను సంఖ్య పోస్టులో, పేరున్న ఆ పెట్టెకే, వస్తుంది. అదే రోజుల్లో టీవీ, రేడియో రుసుము కట్టమని మీ పేరున మరొక ఉత్తరం కూడా వస్తుంది. మా ఇంట్లో టీవీయే లేదు కదా, ఇదేదో మోసం అనుకొని చాలామంది మనవాళ్లు దాన్ని చించేస్తారు. అది మోసం కాదు. టీవీ ఉన్నా లేకపోయినా ప్రతి ఇల్లూ కట్టవలసినదే, 2021 ఆగస్టులో దాన్ని నెలకు 18.36 యూరోలుగా నిర్ణయించారు. అయితే అది మనిషికి కాక ఇంటికి లెక్క. మీవారు ఇప్పటికే కడుతున్నట్లయితే వారి రుసుము ఖాతా సంఖ్య రాసి జవాబు పంపితే సరిపోతుంది.

భర్తకు బ్లూ కార్డు ఉన్నందువల్ల మీ వీసాకు జర్మన్ పరీక్ష అడగలేదు. అది అదృష్టమనుకొని భాషను పక్కన పెట్టకండి, ఎందుకంటే ఆ ఉత్తరాలన్నీ జర్మన్‌లోనే వస్తాయి. కొత్తగా వచ్చినవారి కోసం ప్రభుత్వ సహాయంతో నడిచే ఇంటెగ్రేషన్ కోర్సులో సాధారణంగా 600 గంటలు భాష, 100 గంటలు ఆ దేశపు చట్టం, చరిత్ర, జీవన విధానం బోధిస్తారు. దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉండే ఫోక్స్‌హోహ్‌షూల అనే ప్రజా పాఠశాలల్లో అడగండి. ఒక విషయంలో మాత్రం మనకు ఇంగ్లీషు వాళ్లకన్నా సులువు: జర్మన్‌లో ‘జీ’, ‘డూ’ అని రెండు సంబోధనలున్నాయి, అవి అచ్చంగా మన ‘మీరు’, ‘నువ్వు’. ఎవరిని ఏమనాలో తెలియక అమెరికావాళ్లు నెలలు తికమకపడడం చూశాను. మన ఇళ్లలో పెరిగిన పిల్లకు అది పుట్టుకతో వచ్చిన విద్య. ఇంటిపేరుకు ముందు హెర్ లేదా ఫ్రౌ చేర్చి ‘మీరు’ అనండి, పెద్దవారు తామే ‘నువ్వు’ అనమనేవరకు ఆగండి.

మీవారు ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఉండి, మీకు సంపాదన లేకపోతే, వారి బీమాలోనే అదనపు ఖర్చు లేకుండా మిమ్మల్నీ చేరుస్తారు. కానీ దానంతటదే జరగదు, వారు దరఖాస్తు పెట్టాలి.

ఇక ఆదివారం. ఆ రోజు సూపర్‌మార్కెట్లతో సహా దుకాణాలు మూసి ఉంటాయి. పెద్ద రైల్వే స్టేషన్లలోనివి, పెట్రోలు బంకులు, ఉదయం కొన్ని గంటలు బేకరీలు తప్ప మరేమీ దొరకవు. పాలూ కూరగాయలూ శనివారమే తెచ్చుకోవాలని ఒక వారం ఆకలితో గడిపితే తెలిసిపోతుంది, దానికి పెద్దగా బాధపడనక్కరలేదు. కష్టం చప్పుడుతోనే. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు, ఆదివారం రోజంతా నిశ్శబ్దంగా ఉండవలసిన సమయం. నేను వెళ్లిన రెండో ఆదివారం ఉదయం 8 గంటలకు, నానబెట్టిన మినప్పప్పును ఇక్కడి నుంచి మోసుకెళ్లిన మిక్సీలో వేసి మూడు విడతలుగా రుబ్బాను. మన మిక్సీ పాతభవనపు చెక్కనేల మీద ఎలా మోగుతుందో మీరే ఊహించుకోండి. మధ్యాహ్నం తలుపు తీస్తే గుమ్మం ముందు మడతపెట్టిన కాగితం ఉంది. నిఘంటువు పెట్టుకొని చదివితే అందులో ఉన్నది రెండే వాక్యాలు: ఈ రోజు ఆదివారం, యంత్రాన్ని రేపు వాడవలసిందిగా మనవి. కింద సంతకం, ఇంటిపేరు. తలుపు తట్టి చెప్పవచ్చు కదా, ఇంత పరాయితనమా అని ఆ రోజంతా ఏడ్చాను. తట్టి చెబితే నన్ను నా ఇంట్లోనే ఇబ్బంది పెట్టినట్టవుతుందని, కాగితమే అది రాసిన పొరుగావిడ దృష్టిలో మర్యాద అని తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది. గాజు సీసాలు పారవేసే పెద్ద డబ్బాల్లో కూడా ఆదివారం సీసాలు వేయకూడదు, పగిలే చప్పుడు వస్తుంది కనుక.

స్టట్‌గార్ట్ వెళ్తున్నారు కాబట్టి ఇంకొక మాట. ఒక రోజు మీ తలుపుకు ‘కేర్‌వోహ’ అని రాసిన చిన్న పలక వేలాడుతూ కనిపించవచ్చు. ఆ వారం మెట్లు, ఉమ్మడి నడవ శుభ్రం చేసే వంతు మీదని దాని అర్థం. పని ముగించి ఆ పలకను పక్కింటి తలుపుకు తగిలించాలి. ఇది ఆ ప్రాంతపు పాత ఆచారం; కొన్ని భవనాల్లో మనుషులను పెట్టి చేయించడం వల్ల పోయింది, కొన్నింటిలో నిక్షేపంగా ఉంది. తెల్లవారకముందే వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లి ముగ్గు వేసే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం, మనకు దీంట్లో తప్పుపట్టడానికేముంది? నేనైతే మొదటిసారి మెట్లు కడిగిన శనివారమే, అంతవరకు తల మాత్రమే ఊపే ఎదురింటి పెద్దాయన ఆగి పూర్తి నమస్కారం చెప్పారు.

సామాను గురించి రెండు ముక్కలు. నెయ్యి తీసుకెళ్లకండి. ఐరోపా సమాఖ్య బయటి నుంచి ప్రయాణికులు పాల పదార్థాలను, మాంసాన్ని తేవడం నిషిద్ధం. అత్తగారు ఎంత ప్రేమగా కాచి ఇచ్చినా కస్టమ్స్‌వారు చెత్తబుట్టలో వేస్తారు. అక్కడి దుకాణాల్లో ‘బూటర్‌ష్మల్త్స్’ పేరుతో దొరికేది దాదాపు మన నెయ్యే. ఆవకాయకు, కారప్పొడులకు ఆ బాధ లేదు. విద్యుత్తు మనకు లాగే 230 వోల్టులు, కాబట్టి మిక్సీ పనిచేస్తుంది, మూడు పిన్నుల ప్లగ్గు మాత్రం అక్కడి సాకెట్లో పట్టదు, అడాప్టర్ కావాలి. కుక్కర్ కొనేముందు మీ ఇంట్లో ఉన్నది ఇండక్షన్ పొయ్యి అవునో కాదో అడగండి; అవునంటే మామూలు అల్యూమినియం కుక్కర్ దాని మీద వేడెక్కదు.

ప్రశ్న: మా అబ్బాయి ఎం.ఎస్. చదవడానికి మాగ్డెబర్గ్ వెళ్లి ఆరు వారాలైంది. ఇంకా గది దొరకక సీనియర్ల దగ్గర ఉంటున్నాడు. బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ఏడాది ఖర్చు ముందే వేసి ఉంచే ఖాతాలో) మేము వేసిన డబ్బు చేతికి రాలేదంటున్నాడు. ఒక ఇంటి యజమాని విదేశంలో ఉన్నానని, అడ్వాన్సు పంపితే తాళాలు పోస్టులో పంపిస్తానని రాశాడట. పంపమంటారా?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: పంపకండి. ఇది ఆ దేశంలో విద్యార్థుల మీద ఎప్పటి నుంచో జరుగుతున్న మోసం. ఫొటోలు అందంగా ఉంటాయి, అద్దె తక్కువగా ఉంటుంది, యజమాని ఎప్పుడూ వేరే దేశంలో ఉంటాడు. గదిని కళ్లతో చూసి, ఒప్పందం మీద సంతకం అయ్యేవరకు ఒక్క యూరో కూడా కదలకూడదు. అసలైన యజమాని అడిగే అడ్వాన్సుకు కూడా చట్టం హద్దు పెట్టింది: నీరు, వేడి వంటి ఖర్చులు కలపని మూల అద్దెకు మూడు నెలల మొత్తాన్ని మించకూడదు, దాన్ని కూడా మూడు వాయిదాల్లో కట్టే హక్కు అద్దెకు చేరినవారికి ఉంది. మూల అద్దెను కాల్ట్‌మీటె, అంటే చల్లని అద్దె అనీ, ఖర్చులు కలిపినదాన్ని వార్మ్‌మీటె, వెచ్చని అద్దె అనీ అంటారు. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనబడేది చాలాసార్లు చల్లనిదే. ఖాళీ ఫ్లాటు తీసుకుంటే వంటగదిలో పొయ్యి, అల్మారాలు, ఒక్కోసారి గదుల్లో బల్బులు కూడా ఉండవు, ముందున్నవాళ్లు విప్పి తీసుకెళ్లిపోతారు. అందుకని విద్యార్థికి హాస్టలో, నలుగురు కలిసి ఉండే ఇంట్లో గదో మేలు.

హాస్టళ్లను స్టుడీరెండెన్‌వెర్క్ అనే సంస్థలు నడుపుతాయి. ఇప్పుడు ఖాళీ లేకపోయినా పేరు నమోదు చేయించుకొని ఉండమనండి. కలిసి ఉండే ఇళ్లలో గది ఇవ్వాలో వద్దో నిర్ణయించేది అప్పటికే అక్కడ ఉంటున్న కుర్రవాళ్లు. పిలిచి టీ ఇచ్చి గంటసేపు మాట్లాడి, వారం తరువాత కాదని రాస్తారు. మీ అబ్బాయికి అది అవమానంగా తోచవచ్చు. స్థానికులకు కూడా పది ఇళ్లు తిరిగితే గానీ దొరకదు.

ఇక డబ్బు. 2024 సెప్టెంబరు నుంచి విద్యార్థులు ఏడాదికి 11,904 యూరోలు చూపాలని నిబంధన, అంటే నెలకు 992. అది మొత్తంగా చేతికి రాదు. అక్కడికి వెళ్లాక తెరిచిన మామూలు ఖాతాలోకి నెలకింతని వస్తుంది. ఆ ఖాతా తెరవడానికి చాలా చోట్ల చిరునామా నమోదు పత్రం అడుగుతారు, నమోదుకు యజమాని పత్రం కావాలి, యజమాని పత్రానికి ఇల్లు కావాలి. మీవాడు చిక్కుకున్నది ఈ వలయంలోనే, అతని అశ్రద్ధ ఏమీ కాదు. బయటపడే దారి ఒకటి ఉంది: సీనియర్లు ఉంటున్న ఇంటి యజమాని అనుమతితో తాత్కాలికంగానైనా ఆ చిరునామాలో నమోదు కావడం. ఉండని ఇంట్లో ఉంటున్నట్టు డబ్బిచ్చి పత్రం కొనడం మాత్రం చట్టవిరుద్ధం. అటువంటి బేరాలు వాట్సాప్ గుంపుల్లో తిరుగుతుంటాయి, చెవిన పెట్టవద్దని చెప్పండి. ఈ లోగా రెండు నెలల ఖర్చుకు సరిపడా మీరు విడిగా సర్దగలిగితే సర్దండి. ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేసుకోవడానికి విద్యార్థికి అనుమతి ఉంది గానీ, మొదటి సెమిస్టరులోనే దాన్ని నమ్ముకొని లెక్కలు వేసుకోవడం నాకు ఇష్టం లేదు. భాష రానివాడికి దొరికే పనులు రాత్రిళ్లు గోదాముల్లో పెట్టెలు ఎత్తేవే, పొద్దున్నే పాఠం తలకెక్కదు.

వీసా గడువు ముగియకముందే విదేశీయుల కార్యాలయానికి నివాస అనుమతి కోసం దరఖాస్తు ఇచ్చి, ఇచ్చినట్టు రుజువు భద్రపరచమనండి. అపాయింట్‌మెంటు ఆలస్యమైనా ఆ కాగితం కాపాడుతుంది. అన్నట్టు, మనకూ వాళ్లకూ వేసవిలో మూడున్నర గంటలు, శీతాకాలంలో నాలుగున్నర గంటలు తేడా. మీరు అలవాటు చొప్పున తెల్లవారుజామున 5 గంటలకు లేచి ఫోన్ చేస్తే అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది. రాత్రి భోజనం ముగించి చేయండి, అప్పటికి అతను క్లాసు నుంచి వచ్చి ఉంటాడు.

ప్రశ్న: విజయవాడ నుంచి సెప్టెంబరులో హాంబర్గ్ వచ్చాను. ఉద్యోగం బాగుంది, జీతం బాగుంది. కానీ ఐదు నెలలైనా ఇరుగుపొరుగుల్లో ఒక్కరితోనూ పరిచయం లేదు. ఒక సహోద్యోగి ఇంటికి పిలిస్తే కేకు ఒక్కసారి అడిగి ఊరుకున్నారు. చీకటి, వాన. తిరిగి వచ్చేయాలని ఉంది.
– ఒక పాఠకుడు, హాంబర్గ్

జవాబు: మీరు దిగిన నెల మంచిది కాదు. సెప్టెంబరులో వచ్చినవారికి ఆ ఊరు పరిచయమయ్యేలోగానే పగలు కుంచించుకుపోతుంది. డిసెంబరు నెలాఖరున హాంబర్గ్‌లో సూర్యుడు 8:30 దాటాక వచ్చి, సాయంత్రం 4 గంటల ప్రాంతంలో వెళ్లిపోతాడు. మీరు ఆఫీసులో ఉండగానే రోజు అయిపోతుంది. ఆ చీకట్లో అక్కడివారు కూడా ఇంటి నుంచి కదలరు. అదే వీధిలో జూన్‌లో రాత్రి 9:30 కి కూడా వెలుతురు ఉంటుంది, బాల్కనీల్లో మాటలు వినబడతాయి. రాజీనామా రాయవలసే వస్తే జులైలో రాయండి, ఫిబ్రవరిలో వద్దు.

కేకు సంగతి చదివి నవ్వుకున్నాను, క్షమించండి. మీరు మొహమాటానికి వద్దన్నారు, వారు నమ్మారు. మన ఇళ్లలో మొదటి ‘వద్దు’కు విలువ లేదు, మూడోసారి అడిగాక ‘సరే, కొంచెం’ అంటే మర్యాద. అక్కడ వద్దన్నవారిని మళ్లీ అడగడమే అమర్యాద. నాకు కూడా ఒక ఇంట్లో ఇలాగే జరిగింది. నా ముందు నుంచి రేగుపళ్లలాంటి పళ్లు పేర్చిన కేకు పళ్లెం నెమ్మదిగా బల్ల అవతలి చివరకు వెళ్లిపోయి, మళ్లీ తిరిగి రాలేదు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి రసంతో అన్నం తిన్నాను. కాబట్టి మీకు కావాలంటే మొదటిసారే అవుననండి. పిలిచినవారు నిజంగా రమ్మనే పిలిచారని కూడా గుర్తుంచుకోండి. వారు మాటవరసకు ఇంటికి పిలవరు. ఐదు నెలల్లో ఒక ఇంటికి పిలుపు వచ్చిందంటే, మా నాటి లెక్కలో అది తక్కువేమీ కాదు.

ఇరుగుపొరుగు విషయంలో మాత్రం పొరపాటు మీ వైపు ఉందేమోనని నా అనుమానం. మన దగ్గర కొత్తగా ఇంట్లో చేరితే పక్కవాళ్లే వచ్చి ఏ ఊరు, ఎంతమంది పిల్లలు అని అడుగుతారు. అక్కడ కొత్తగా వచ్చినవారే వెళ్లి గంట మోగించి పేరు చెప్పుకోవడం పద్ధతి. వారు మీ కోసం ఎదురుచూసి, మీకు ఏకాంతం కావాలేమోనని ఊరుకొని ఉంటారు. మెట్ల మీద ఎదురైతే హాంబర్గ్‌వారు రోజంతా, సాయంత్రమైనా సరే, ‘మొయిన్’ అంటారు, అదొక్కటి నేర్చుకోండి. రెండుసార్లు కలిపి అనకండి, అది వాగుడు కింద లెక్క అని వారే హాస్యమాడతారు. డాక్టరు దగ్గర వేచి ఉండే గదిలోకి వెళ్లినప్పుడు కూడా అందరికీ వినబడేలా పలకరించాలి, వచ్చేటప్పుడు సెలవు చెప్పాలి. ఇక స్నేహాలు పుట్టేది ఇళ్లలో కంటే సంఘాల్లో. ఏడుగురు కలిస్తే ఒక సంఘం రిజిస్టరు చేయవచ్చు. పరుగు, చదరంగం, బృందగానం, తోటపని, ప్రతిదానికీ ఒకటి ఉంటుంది. తెలుగు సంఘానికి పండుగలకు వెళ్లండి, కానీ ప్రతి వారాంతం అక్కడే గడిపితే పదేళ్లకైనా మీకు ‘మొయిన్’ దాటి మరొక మాట రాదు.

ఆలస్యమైందని సంకోచించకండి. ఉగాది మార్చిలోనో ఏప్రిల్‌లోనో వస్తుంది, అప్పటికి పగలు పెరుగుతుంది. భవనం మెట్ల దగ్గర ఉండే నోటీసు బోర్డు మీద జర్మన్‌లో నాలుగు వాక్యాలు రాసి పెట్టండి: మీ పేరు, ఎన్నో అంతస్తు, మా కొత్త సంవత్సరం సందర్భంగా ఫలానా ఆదివారం సాయంత్రం 4 గంటలకు కాఫీకి, పలహారానికి రమ్మని ఆహ్వానం, చప్పుడు ఎక్కువైతే గంట మోగించండి అన్న మనవి. ఎవరూ జవాబు రాయకపోవచ్చు, అందుకు నిరాశపడకండి. నేను రాసి పెట్టిన ఏడాది నలుగురు వచ్చారు, ఆదివారం మిక్సీ గురించి కాగితం పెట్టినావిడతో సహా. ఉగాది పచ్చడిలో వేపపువ్వు చేదుకు ఆవిడ ముఖం చిట్లించి, రెండో చెంచా తామే అడిగి తీసుకున్నారు. 4 అని రాస్తే సరిగ్గా 4 కే గంట మోగుతుంది కాబట్టి గారెల మూకుడు 3:30 కే పొయ్యి మీద పెట్టండి. పిండి మాత్రం శనివారమే రుబ్బుకోండి.